యెద్వాబ్నె: నేరం జర్మన్లదా, ఊరివాళ్ళదా?

గోదారిగట్టు:
1941 జూలై 10న పోలండ్‌లోని యెద్వాబ్నెలో యూదులను చెక్క కొట్టంలోకి తోసి తగలబెట్టింది ఇరుగుపొరుగు పోలిష్‌వాళ్ళేనని ఇక్కడ ఒకరు రాశారు. నాకు మింగుడు పడలేదు. అప్పటికి ఊరు జర్మన్ల చేతిలో ఉంది. తుపాకీ ఎవరిదైతే పాపం వాళ్ళదే కదండీ?

మల్లెపందిరి:
ఎగదోసింది జర్మన్లేనని పోలండ్ జాతీయ స్మృతి సంస్థ 2003లో ముగించిన దర్యాప్తు కూడా చెప్పింది. కానీ చేతులారా చేసింది పోలిష్ మగవాళ్ళనీ, వాళ్ళు 40 మందికి తక్కువ లేరనీ తేల్చిందీ ఆ దర్యాప్తే. చనిపోయినవాళ్ళు కనీసం 340 మంది.

ఆ రోజు ఎలా మొదలైందో చూడండి. యూదులను ఇళ్ళలోంచి సంత మైదానానికి తోలుకొచ్చి, రాళ్ళ సందుల్లో మొలిచిన గడ్డి పీకించారు. కొందరి చేత లెనిన్ విగ్రహం పగలగొట్టించి, ముక్కలు మోయించారు. అంత చిన్న ఊళ్ళో గడ్డి పీకమన్నవాడికి పీకుతున్నవాడి పేరు తెలియదంటారా? నాకు అన్నిటికన్నా కలుక్కుమనేది అదే.

తూర్పువాకిలి:
అంతకు ముందు రెండేళ్ళు సోవియట్ పాలన. జనాన్ని సైబీరియాకు పంపేశారు. యూదులు వాళ్ళకు సాయపడ్డారన్న కోపం ఉండదా?

మల్లెపందిరి:
కోపం ఉందనే అనుకుందాం. 2001లో అక్కడ తవ్వితే పసిపిల్లల ఎముకలు కూడా బయటపడ్డాయి. వాళ్ళు ఎవరికి సాయపడ్డారు?

గోదారిగట్టు గారూ, తుపాకీ అన్నారు కదా. దగ్గర్లోని యాన్‌చెవ్‌కో పల్లెలో ఆంతొనినా విజికొవ్‌స్కా అనే ఆవిడ, భర్తతో కలిసి ఏడుగురు యూదులను రెండేళ్ళకు పైగా తమ పాకల్లో దాచి కాపాడింది. ఆవిడా పోలిష్ మనిషే, ఆవిడ నెత్తిన ఉన్నదీ అదే తుపాకీ. 1945లో జర్మన్లు వెళ్ళిపోయాక, యూదులను దాచినందుకు చుట్టుపక్కలవాళ్ళే ఆవిణ్ణి చితకబాదారు. చివరికి ఊరొదిలి వెళ్ళిపోవాల్సొచ్చింది. ఆ దెబ్బలు ఎవరి ఖాతాలో రాద్దాం?

గోదారిగట్టు:
ఈవిడ సంగతి నాకు తెలియదండీ. మరి ఇన్నేళ్ళూ ఆ ఊళ్ళో ఏమని చెప్పుకున్నారు?

మల్లెపందిరి:
1960లలో పెట్టిన స్మారక శిలపై గెస్టపో (నాజీల రహస్య పోలీసు దళం), హిట్లర్ పోలీసులు 1600 మందిని సజీవంగా కాల్చేశారని చెక్కారు. 2001లో దాన్ని తీసేశారు. అదే ఏడు జూలై 10న అప్పటి పోలండ్ అధ్యక్షుడు క్వాష్నియెవ్‌స్కీ అక్కడికొచ్చి క్షమాపణ అడిగాడు. కొత్త శిలపై ఈ నేలపై కలిసి బతికిన యూదులని ఉంది, ఆడా మగా పిల్లలూ అని ఉంది, చంపి సజీవంగా దహించారని ఉంది. ఎవరు చేశారన్నది మాత్రం చెక్కలేదు.