మేడ మీద సోలారు: ఆన్‌గ్రిడ్డా, హైబ్రిడ్డా? ఏడాది లెక్కలో నెట్ జీరో కావాలి (రాజమండ్రి)

బొమ్మూరు మేడ:
అందరికీ నమస్కారమండీ. రాజమండ్రి పక్కన బొమ్మూరులో మాది డాబా ఇల్లు. అమ్మ, నాన్నగారు, మేమిద్దరం, పాప. రెండు ఏసీలు, ఆరు ఫ్యాన్లు. ఏడాది పొడుగునా మేం వాడే కరెంటూ, మేడ మీద సోలారుతో తయారయ్యే కరెంటూ సరికి సరి, అంటే నెట్ జీరో, కావాలని నా పట్టుదల. కిందటేడు బిల్లులన్నీ కూడితే 3,900 యూనిట్లు తేలాయి. మే నెలలో 520, డిసెంబరులో 210. గ్యాసు మానేసి ఇండక్షన్ పొయ్యికి, పెట్రోలు బండి అమ్మేసి కరెంటు స్కూటరుకి మారదామనుకుంటున్నాం. ఆఫీసుకి రానూపోనూ 25 కిలోమీటర్లు.

ఒక వెండరు 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకి కలిపేది) 1.95 లక్షలన్నాడు. రెండో ఆయన "నెట్ జీరో అంటే బ్యాటరీ ఉండాల్సిందే సార్" అని 5 కిలోవాట్ల హైబ్రిడ్ (లైనూ, బ్యాటరీ రెండూ ఉండేది), 10 యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ కలిపి 5.6 లక్షలు రాసిచ్చాడు. ఇంకో చిక్కు, వాటర్ ట్యాంకు వాస్తు ప్రకారం నైరుతి మూల ఎత్తుగా కట్టాం, దాని నీడ పానెళ్ళ మీద పడేలా ఉంది. దాన్ని కదుపుదామంటే నాన్నగారు నన్నే ఇంట్లోంచి కదిపేస్తారు. ఏది మేలంటారు?

రిటైర్డ్ ఏఈ:
బాబూ, ముందు ఫ్యాన్లు మార్చండి. సోలారు సంగతి తరవాత చూద్దాం.

మీ 3,900కి ఇండక్షన్ పొయ్యి రోజుకి యూనిట్టున్నర చొప్పున 550 కలపండి. స్కూటరు యూనిట్‌కి 30 కిలోమీటర్లు వస్తుందనుకుంటే ఇంకో 300. మొత్తం 4,750. మన కోస్తాలో ఒక కిలోవాట్ సగటున రోజుకి 4 యూనిట్లు ఇస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అంతకంటే ఎక్కువే, శ్రావణ భాద్రపదాల ముసురుకి తక్కువ. ఆ లెక్కన 3 కిలోవాట్లకి ఏడాదికి 4,380. చాలదు. 4 కిలోవాట్లేసుకుందామంటే సబ్సిడీ అడ్డొస్తుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్రం సోలారు పథకం పీఎం సూర్యఘర్‌లో మొదటి రెండు కిలోవాట్లకి తలా 30,000, మూడోదానికి 18,000, వెరసి 78,000. ఆ పైన ఎన్ని పెట్టినా అంతే, నాలుగో కిలోవాట్ పూర్తిగా మీ జేబులోంచే.

పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాను 30తో తిరుగుతుంది. ఆరు ఫ్యాన్లు, రోజుకి పది గంటలు, ఏడాదిలో 300 రోజులు. 810 యూనిట్లు మిగులుతాయి. 4,750 కాస్తా 3,940 అయింది కదా, ఇప్పుడు 3 కిలోవాట్లు సరిపోతుంది. ఆరు ఫ్యాన్ల ఖర్చు ఆ నాలుగో కిలోవాట్‌లో సగం కూడా ఉండదు. ఈ మాట వెండర్లు చెప్పరు, వాళ్ళు ఫ్యాన్లు అమ్మరు మరి.

బ్యాటరీ ఉంటేనే నెట్ జీరో అన్నది ఒట్టి మాట. పగలు మిగిలింది లైనుకి పోతుంది, రాత్రి లైను నుంచి వస్తుంది, మీటరు రెండూ లెక్క కడుతుంది, దీన్నే నెట్ మీటరింగ్ అంటారు. పైగా బ్యాటరీలో పోసి తీసేటప్పుడు పదో వంతు వరకు కరిగిపోతుంది. ఒక్క విషయం మటుకు తెలిసి ఉండండి. కరెంటు పోతే ఎండ మండిపోతున్నా ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (పానెళ్ళ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) ఆగిపోతుంది. ఆగాలి కూడా. స్తంభం మీద మా లైన్‌మన్ కుర్రాడు పనిచేస్తుంటే మీ మేడ మీది కరెంటు లైనులోకి రాకూడదు. కోతల కోసం అయితే 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ, మామూలు ఇన్వర్టర్ చాలు. కొత్త ఫ్యాన్లు నాలుగు, లైట్లు రాత్రంతా లాగేస్తుంది. తుపాను వస్తే రోజుల తరబడి కరెంటుండని ఊళ్ళో ఉంటే హైబ్రిడ్ తీసుకోమనేవాణ్ణి. బొమ్మూరుకి ఆ అవసరం లేదు.

ఫ్రీమాంట్ తెలుగోడు:
ఏఈ గారి మాట మీకు నిజం, మాకు కాదు. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టుకునేవాళ్ళకి రూలు మారింది. లైనుకిచ్చే యూనిట్‌కి ఇదివరకటి ధరలో పావు వంతు వస్తే గొప్ప. అందుకని ఇక్కడ కొత్తగా పెట్టుకునేవాళ్ళలో ఎక్కువ మంది బ్యాటరీ కలిపే పెట్టుకుంటున్నారు. పానెల్ ఒకటే, ఎండా ఒకటే, బిల్లు రాసేవాడి రూలుని బట్టి సిస్టం మారిపోతుంది. అక్కడ నెట్ మీటరింగ్ ఉన్నప్పుడే పెట్టేసుకోండి.

మియాపూర్ మేడ:
ట్యాంకు నీడ సంగతి నేను చెప్తానన్నా. మాకు పక్కింటోళ్ళు నాలుగంతస్తులు లేపిన్రు. స్ట్రింగ్ ఇన్వర్టర్‌కి పానెళ్ళన్నీ ఒకే వరసల కడతరు, ఒకదాని మీద నీడ పడితే వరస మొత్తం దెబ్బ తింటది. అందుకే మేం ప్రతి పానెల్‌కి మైక్రో ఇన్వర్టర్ పెట్టించినం. ధర ఎక్కువే, చెడిపోతే మిట్టమధ్యాహ్నం పైకెక్కి పానెల్ కిందికి దూరాలె. మీకు అంత అక్కర్లేదనిపిస్తుంది. చలికాలంల పొద్దు గూకేముందు నైరుతి ట్యాంకు నీడ ఈశాన్యం దిక్కు సాగుతది. డిసెంబరుల మూడు గంటలకి మేడెక్కి నీడ యాడిదాకొస్తదో సుద్దతోటి గీసుకోండ్రి. ఆ గీత దాటినంక స్ట్రింగే పెట్టుకోండ్రి. స్ట్రక్చర్ ఎనిమిదడుగులు లేపిస్తే కింద వడియాలు ఎండబెట్టుకోవచ్చు, మా అత్తమ్మ ఒప్పుకున్నదే దానికోసం.

బొమ్మూరు మేడ:
అందరికీ ధన్యవాదాలండీ. ఫ్యాన్ల మాట వినగానే మా ఆవిడ నవ్వింది, రెండేళ్ళ నుంచి తను చెబుతున్నదేనట. వెండరుని 3 కిలోవాట్లకి టాప్‌కాన్ (కొత్తరకం సెల్), డీసీఆర్ (సెల్, పానెల్ రెండూ మన దేశంలోనే తయారైనవి) పానెళ్ళతో కొత్త కొటేషన్ అడిగాను. నెట్ జీరో అయితే బిల్లు కూడా సున్నా వస్తుందా, ఏఈ గారూ?

రిటైర్డ్ ఏఈ:
రాదు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ కట్టాల్సిందే. ఏడాది చివర మిగిలిన యూనిట్లకి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే ధర మీరు పై స్లాబులో కొనే ధరకి దగ్గర్లో కూడా ఉండదు, కాబట్టి అమ్ముకుందామని ఎక్కువ పెట్టకండి. పానెళ్ళు ఇరవై ఏళ్ళకి పదో వంతు నీరసిస్తాయి, ఇంకో రెండింటికి స్ట్రక్చర్‌లో చోటు వదలమనండి. డీసీఆర్ కానివి పెడితే సబ్సిడీ రాదు, పానెళ్ళ సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. ఎర్తింగు గుంతలు మూడు తీయించాలి: డీసీకి, ఏసీకి, పిడుగు రాడ్డుకి. ఒక్కదాంతో సరిపెడతానంటే ఆ వెండరుని పంపించేయండి.