పీర్ ఎడ్యుకేటర్లకు శిక్షణ ఎవరు ఇవ్వాలి: బయటి నిపుణులా, సముదాయంలోని అనుభవజ్ఞులా?

గట్టుమీద:
సెక్స్ వర్కర్ల మధ్య హెచ్‌ఐవీ నివారణకు కోస్తాలో నడిచే ఒక టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) ప్రాజెక్టులో నేను పదకొండేళ్లు పనిచేశాను. మొదట పీర్‌గా, అంటే తోటి సెక్స్ వర్కర్లకు నివారణ గురించి చెప్పే పీర్ ఎడ్యుకేటర్‌గా, తరువాత పీర్ల పని చూసే ఓఆర్‌డబ్ల్యూ (అవుట్‌రీచ్ వర్కర్)గా. కొత్త పీర్లను జిల్లా కేంద్రంలోని హోటల్ హాలుకు పిలిచి, రెండు రోజులు తెర మీద బొమ్మలు చూపించి పంపే శిక్షణ వల్ల పని రాదని నా అనుభవం. లాడ్జి కుర్రాడితో ఎలా మాట్లాడాలో, కండోమ్ వద్దని మొండికేసే మనిషిని ఎలా ఒప్పించాలో ఆ పని చేసినవాళ్లే చెప్పగలరు. కలకత్తాలోని సెక్స్ వర్కర్ల వాడ సోనాగాచిలో డాక్టర్ స్మరజిత్ జానా 1992లో మొదలుపెట్టిన హెచ్‌ఐవీ నివారణ పనిలో ఆ వాడ స్త్రీలే తోటివారికి చెప్పారు. మైసూరులోని సెక్స్ వర్కర్ల సంఘం అశోదయ సమితి సభ్యులు ఇతర ప్రాంతాలవారికి కూడా నేర్పారు. శిక్షణ బాధ్యతనూ, దాని డబ్బునూ సముదాయానికే అప్పగించాలి.

పరీక్షగది:
నేను హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే ప్రభుత్వ కేంద్రం ఐసీటీసీలో తొమ్మిదేళ్లుగా కౌన్సెలర్‌ని. మీ మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నిరుడు ఒక పీర్ ఒక అమ్మాయికి వేలి రక్తంతో స్క్రీనింగ్ చేసి, కిట్ మీద గీత కనబడగానే మరో ఇద్దరి ఎదుట ఆ అమ్మాయితో ‘నీకు వచ్చింది’ అన్నది. ఒక్క స్క్రీనింగ్ ఫలితం నిర్ధారణ కాదు. పాజిటివ్ అని చెప్పాలంటే ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో పరీక్షించి తేల్చాలి. ఒకరి ఫలితాన్ని వారి అనుమతి లేకుండా ఇతరులకు వెల్లడించరాదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతున్నది. ఆ పీర్‌కు నేర్పినది ఒక సీనియర్ పీరే. కండోమ్ చిరిగితే 72 గంటల లోపు పీఈపీ మందులు (హెచ్‌ఐవీ సోకకుండా ఆపేవి) మొదలుపెట్టి 28 రోజులు వాడాలన్నది కూడా ఆమెకు తెలియదు. ఇటువంటివి అనుభవం ఒక్కదానితో అబ్బేవి కావు.

కొత్తసభ్యురాలు:
ఆ అమ్మాయి చివరికి పరీక్షకు వచ్చిందా?

పరీక్షగది:
నాలుగు నెలల తరువాత వచ్చింది. నెగెటివ్ అని తేలింది. ఆ నాలుగు నెలలు ఆమె ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదని చెప్పి ఏడ్చింది.

లెక్కలపుస్తకం:
నేను మరొక టీఐలో లెక్కలు, నివేదికలు చూస్తాను. హాలు శిక్షణ పనికిరాదన్న మాట అన్యాయం. శిక్షణకు ముందు, తరువాత పెట్టే పరీక్షల్లో మా పీర్ల మార్కులు ప్రతిసారీ పెరిగాయి. ఆ కాగితాలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి.

గట్టుమీద:
ఆ కాగితాల సంగతి నాకు తెలుసు. మా బృందంలో సగం మందికి చదువు రాదు. పక్కన కూర్చున్నవారు చెప్పిన చోట వాళ్లు టిక్కు పెట్టారు. 2003లో మొదలైన అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో నడిచినప్పుడు, చదువు రానివారు సైతం తమ మనుషుల లెక్క తామే చూసుకునేలా బొమ్మల చార్టులు ఇచ్చారు. ఇప్పుడు చదవలేని మనిషి చేతికి ప్రశ్నపత్రం ఇస్తున్నారు.

లెక్కలపుస్తకం:
మా దగ్గర ఎవరూ పక్కవారిది చూసి రాయలేదు. ప్రతి కాగితం మీదా సంతకం లేదా వేలిముద్ర ఉన్నది.

గట్టుమీద:
వేలిముద్ర ఉన్నదంటే ఆ మనిషి ప్రశ్నను చదివినట్టు కాదు గదా!

లెక్కలపుస్తకం:
ఇంతసేపూ కాగితాన్నే తప్పుబడుతున్నారు. శిక్షకులకు ఇచ్చే గౌరవ వేతనం మీవంటివారికి దక్కాలన్నదే అసలు విషయమైతే, అది సూటిగా చెప్పండి.

గట్టుమీద:
చెబుతాను. దక్కాలి, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కానీ నా బాధ వేరు. మా ఊళ్లో ఆడవాళ్లు బస్టాండు, లాడ్జీలు వదిలి ఫోన్ మీద పనిచేసుకోవడం మొదలుపెట్టారు. పాత హాట్‌స్పాట్‌కు, అంటే వాళ్లు ఇదివరకు దొరికే చోటుకు, వెళితే ఎవరూ కనబడరు. వాళ్లను ఎలా చేరుకోవాలో చెప్పమని, సాంకేతిక సహాయానికి వచ్చిన అధికారిని దాపరికం లేకుండా అడిగాను. జవాబు రాలేదు, ‘లక్ష్యం చేరలేదు’ అని నివేదికలో మాత్రం వచ్చింది. మరుసటి ఏడాది నా హాట్‌స్పాట్‌ను వేరొకదానిలో కలిపి నన్ను తీసేశారు. నేర్పవలసిన మనిషే మార్కులు వేస్తే, నాకు ఇది తెలియదని ఎవరు ఒప్పుకుంటారు?

పరీక్షగది:
ఇది చదివాక ఒక విషయం రాయక తప్పదు. కిట్ గురించి ముందే ఎందుకు అడగలేదని ఆ పీర్‌ను మందలించాను. ‘అడిగితే రాదని రాసుకుంటారు మేడం’ అన్నది. అప్పుడు దాన్ని సాకు అనుకున్నాను. ఎవరు నేర్పాలన్న దానికంటే, నేర్పేవారికీ తనిఖీ చేసేవారికీ మధ్య గీత ఉన్నదా లేదా అన్నదే మనం ముందుగా తేల్చవలసిన ప్రశ్న అనిపిస్తున్నది.

లెక్కలపుస్తకం:
జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశలో, అంటే 2007–12 మధ్య, రాష్ట్రాలకు సాంకేతిక సహాయక యూనిట్లను ఏర్పాటు చేసినది సంస్థలకు చేయూతనివ్వడానికే, ఒప్పుకుంటాను. అయినా క్షేత్రంలో చూసినది రాయకపోతే ఎక్కడ పని ఆగిందో రాష్ట్రానికి ఎలా తెలుస్తుంది? ఉన్న కొద్దిమందిలో నేర్పడానికి ఒకరిని, తనిఖీకి ఒకరిని పంపడం ఎలా సాధ్యం?

పరీక్షగది:
మా సెంటర్‌లో వారానికి ఒక మధ్యాహ్నం రద్దీ తక్కువగా ఉంటుంది. చుట్టుపక్కల పీర్లు వస్తే కిట్ చేతికిచ్చి నేర్పుతాను. ఫలితం ఎలా చెప్పాలన్నది, ఎదుటి మనిషి ఏడిస్తే ఏం చేయాలన్నది మీవంటివారు పక్కన కూర్చుని నేర్పాలి. ఎవరికి ఏమి రాదో నేను ఎక్కడా రాయను.

లెక్కలపుస్తకం:
హాజరు రిజిస్టరు లేకపోతే వాళ్లకు బస్సు చార్జీలు ఇవ్వలేము. ఆడిట్‌లో నన్ను అడుగుతారు.

గట్టుమీద:
ఎవరు వచ్చారో రాయండి, అభ్యంతరం లేదు. ఏమి అడిగారో వేరే కాగితం మీద, పేర్లు లేకుండా రాయండి. ఆ కాగితం రాష్ట్రానికి పంపితే ఎక్కడ పని ఆగిందో వాళ్లకు తెలుస్తుంది, అడిగిన మనిషి ఉద్యోగమూ నిలుస్తుంది.

లెక్కలపుస్తకం:
పేరు లేని కాగితాన్ని నివేదికగా తీసుకుంటారని నేను అనుకోను. మా ప్రాజెక్టు మేనేజర్‌ను అడిగి సోమవారం రాస్తాను.