ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట గూఢచారి రాలేదని మీరెలా తేల్చుకుంటారు?

వెన్నెలదారి:
వీడియో ఫార్మాట్ మార్చే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి దొరికింది. ఇన్‌స్టాలర్‌ను వైరస్‌టోటల్‌లో వేసి చూశాను. అక్కడున్న డెబ్బై చిల్లర యాంటీవైరస్‌లలో మూడు మాత్రమే తప్పు పట్టాయి. మూడింటి మాట వినాలా, మిగిలినవాటి మౌనాన్ని నమ్మాలా? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'సిఫారసు చేసినది', 'కస్టమ్' అని రెండు దారులు చూపిస్తోంది, ఏది ఎంచుకోవాలి? ఇక మూడోది, అసలు బాధ ఇదే: పోయిన నెల ఇలాంటిదే మరొకటి వేసుకుని, నచ్చక తీసేశాను. అప్పటి నుంచి బ్రౌజర్ తెరిస్తే ఎప్పుడూ చూడని సెర్చ్ పేజీ వస్తోంది. ప్రోగ్రామ్ పోయినా ఇది ఎందుకు పోలేదు?

పాతమౌస్:
ఎప్పుడూ కస్టమే. సిఫారసు అంటే వాళ్లకు లాభమైనది అని అర్థం. మా నాన్నగారి కంప్యూటర్‌లో ఒక పీడీఎఫ్ ప్రోగ్రామ్ వెంట మూడు టూల్‌బార్లు, పేరు తెలియని యాంటీవైరస్ ఒకటి దిగాయి. 'వద్దు' అనే బటన్ బూడిద రంగులో ఉంది. అది పనిచేయదనుకుని ఆయన పక్కనున్న పచ్చ బటన్ నొక్కారు. ఆయన తప్పు ఏమీ లేదు, అలా నొక్కాలనే దాన్ని అలా గీశారు. పేరున్నవాళ్లూ తక్కువ తినలేదు. జావా ఇన్‌స్టాలర్ ఏళ్ల తరబడి ఆస్క్ టూల్‌బార్‌ను వెంటేసుకుని వచ్చింది, టిక్కు ముందే పెట్టి ఉండేది.

కోడుకోవెల:
మీరంతా మూలం వదిలేసి కొమ్మలు పట్టుకుంటున్నారు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇంగ్లిషులో రెండింటికీ 'ఫ్రీ' అనే ఒకే మాట కాబట్టి వాళ్లు తికమకపడతారు. మనకు రెండు మాటలున్నాయి, మనం పడనక్కర్లేదు. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్ రాసిన అసలు పాఠం, అందరికీ తెరిచి ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడండి, గూఢచారి దాక్కోవడానికి చోటే ఉండదు. వీడియోకు హ్యాండ్‌బ్రేక్ ఉంది. చర్చ ఇక్కడితో ముగియాలి.

రాత్రికాపరి:
ముగియదు. పద్దెనిమిదేళ్లుగా సోకిన కంప్యూటర్లను శుభ్రం చేయడమే నా వృత్తి, కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. సోర్స్ శుభ్రంగా ఉంటే సరిపోదు, అది మీ చేతికి ఏ దారిన వచ్చిందన్నదే ప్రశ్న. బొమ్మలు దిద్దే జింప్ పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. సాఫ్ట్‌వేర్ దింపుకునే సైటు సోర్స్‌ఫోర్జ్‌లో డౌన్‌లోడ్ బటన్‌లా కనిపించే ప్రకటనలు, ఇతర ప్రోగ్రామ్‌లు అంటగట్టే ఇన్‌స్టాలర్లు మొదలయ్యాక 2013లో జింప్ విండోస్ బృందం అక్కడి నుంచి బయటికి వచ్చేసింది. 2015లో వాళ్లు వదిలేసిన పేజీలోనే సోర్స్‌ఫోర్జ్ తన సొంత ఇన్‌స్టాలర్‌ను చుట్టి పెట్టింది. లోపల అదే జింప్, పైన మురికి. తరువాతి ఏడాది యాజమాన్యం మారాక ఆ పథకాన్ని ఎత్తేశారు. మీరు పేరు చెప్పిన హ్యాండ్‌బ్రేక్ సంగతీ అంతే: 2017 మే నెలలో దాని డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాన్ని దొంగలు పట్టుకుని, మ్యాక్ ఫైల్‌లో ప్రోటాన్ అనే ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్ వేషంలో వచ్చే మాల్‌వేర్) పెట్టారు. నాలుగైదు రోజులు అలాగే ఉంది.

కోడుకోవెల:
సర్వర్‌లో దొంగలు పడితే సోర్స్ తెరిచి ఉండడం తప్పవుతుందా? ఇల్లు దోచుకున్నారని ఇంటి నక్షాను తిట్టినట్టుంది. లినక్స్‌లో ఫైళ్లను కుదించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్ ఉదంతం చూడండి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి తవ్వుకుంటూ పోతే దొంగదారి బయటపడింది. తలుపులు మూసిన సాఫ్ట్‌వేర్‌లో ఆయన ఏం తవ్వగలిగేవారు?

రాత్రికాపరి:
ఆ ఉదంతాన్ని మీరే ఎత్తారు కాబట్టి మిగతా సగమూ వినండి. ఆ దొంగదారిని నడిపించే స్క్రిప్టు అందరూ చదివే రిపాజిటరీలో, అంటే కోడ్ భద్రపరిచే చోట, లేదు, విడుదల కోసం కట్టిన మూటలో మాత్రమే ఉంది. అసలు విషం పరీక్ష ఫైళ్ల రూపంలో దాగి ఉంది. అంటే మీరు కోడ్ మొత్తం వరుస వదలకుండా చదివినా కనిపించేది కాదు. పెట్టినవాడు రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి నిర్వాహకుడైనవాడు. 'దాక్కోవడానికి చోటే ఉండదు' అని కొత్తవాళ్లకు చెప్పకండి. వాళ్లు అది నమ్మి యాంటీవైరస్ ఆపేస్తున్నారు. అలాంటి కంప్యూటర్లు చివరికి నా బల్ల మీదికే వస్తాయి.

కోడుకోవెల:
యాంటీవైరస్ ఆపమని నేను ఎక్కడ అన్నాను? చూపించండి. మీ వృత్తి భయం మీద నడుస్తుంది, అందుకే అంతటా భయం కనిపిస్తుంది.

పాతమౌస్:
ఇద్దరూ శాంతించండి. అడిగినవారికి ఎక్స్‌జెడ్‌తో ఏ పనీ లేదు. వారికి కావలసింది వీడియో మార్చుకోవడం.

చిరుదీపం:
హ్యాండ్‌బ్రేక్ విషయంలో ఒక ముక్క వదిలేశారు. అప్పుడు అసలు వెబ్‌సైట్ చెడలేదు. అందులో ఇచ్చిన హాష్‌తో (ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంకేతం) దిగిన ఫైల్‌ను పోల్చుకున్నవారికి తేడా వెంటనే తెలిసేది. అందుకే ఫైల్ దిగగానే హాష్ చూస్తాను. విండోస్‌లో 'సర్ట్‌యుటిల్' అనే ఆదేశం ఉంది, అర నిమిషం పని. అయితే 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌నే పట్టుకుని డౌన్‌లోడ్ లంకెలు మార్చారు. అలాంటప్పుడు అదే పేజీలోని హాష్‌ను నమ్మలేం, తయారీదారుల డిజిటల్ సంతకం సరిచూడాలి.

రాత్రికాపరి:
సంతకం కూడా చాలదు. 2017లో కంప్యూటర్‌లో చెత్త ఫైళ్లు ఊడ్చే సీక్లీనర్ 5.33 సరైన సంతకంతోనే వచ్చింది, లోపల దొంగదారి. ఇరవై రెండున్నర లక్షల మందికి పైగా వాడారు.

తులసివనం:
ఇన్‌స్టాలర్లకే ఇంత భయపడితే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల సంగతి? వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్‌ను కళ్లు మూసుకుని వాడేదాన్ని. 2020లో పాత నిర్వాహకుడు దాన్ని వేరెవరికో అప్పగించారు. 2021 ఫిబ్రవరిలో అందులో మాల్‌వేర్ ఉందని గూగుల్ తీసేసింది. నేను కొత్తగా ఏదీ వేసుకోలేదు, ఏ బటన్ నొక్కలేదు. మొదటి రోజు చేసిన పరీక్ష నాలుగేళ్ల తరువాత నన్ను కాపాడలేదు. ఇప్పుడు నా దగ్గర రెండే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. అన్ని పేజీలనూ చదివే అనుమతి అడిగిందంటే దాని జోలికి పోను.

వెన్నెలదారి:
అందరికీ కృతజ్ఞతలు. చాలా నేర్చుకున్నాను. కానీ నా మూడో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. ఆ సెర్చ్ పేజీ ఇంకా వస్తూనే ఉంది.

ఏడోమెట్టు:
ఇప్పుడే చూశాను, ఇంతసేపు మీ ఊసే ఎత్తకపోవడం బాధగా ఉంది. వెంట వచ్చినవి వేరుగా కాపురం పెడతాయి, పిలిచిన ప్రోగ్రామ్ వెళ్లిపోయినా అవి వెళ్లవు. మొదట బ్రౌజర్ షార్ట్‌కట్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. టార్గెట్ గడిలో ప్రోగ్రామ్ పేరు తరువాత ఏదైనా వెబ్ చిరునామా తగిలించి ఉందేమో చూడండి. తరువాత ఎక్స్‌టెన్షన్ల జాబితా. ఆపైన టాస్క్ షెడ్యూలర్: మీరు తీసేసినదాన్ని లాగిన్ అయిన ప్రతిసారీ తిరిగి పెట్టే పని అక్కడ ఉండవచ్చు. సొంత కంప్యూటర్‌లో బ్రౌజర్ 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అంటుంటే మాత్రం రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) బ్రౌజర్‌ను కట్టిపడేసే పాలసీ పెట్టారేమో అనుమానించాలి.

మీ మొదటి ప్రశ్నకూ ఎవరూ సూటిగా చెప్పలేదు. ఎన్ని తప్పు పట్టాయన్న లెక్క కన్నా ఏమని పట్టాయో చదవండి. ఊహతో పెట్టే సాధారణ పేర్లయితే పొరపాటు కావచ్చు. 'పీయూపీ' (అక్కర్లేని ప్రోగ్రామ్) అనో 'బండ్లర్' (వేరేవి అంటగట్టేది) అనో రాసి ఉంటే ఆ ఇన్‌స్టాలర్ వదిలేయండి. పైగా ఇలాంటి చాలా ఇన్‌స్టాలర్లు అంటగట్టే సరుకును ఇన్‌స్టాల్ సమయంలో నెట్ నుంచి తెచ్చుకుంటాయి. మీరు పరీక్షించిన ఫైల్‌లో అది ఉండదు కాబట్టి మిగిలినవాటి మౌనానికి పెద్ద విలువ లేదు.

వెన్నెలదారి:
టార్గెట్ గడిలోనే ఉంది! పొడుగాటి చిరునామా తగిలించి ఉంది, చెరిపేశాను. షెడ్యూలర్‌లో 'అప్‌డేట్' అనే పేరుతో ఒక పని, తీసేసిన ప్రోగ్రామ్ ఫోల్డర్‌నే చూపిస్తోంది. దాన్నీ తీసేశాను. రెండుసార్లు రీస్టార్ట్ చేశాను, పేజీ రాలేదు. వైరస్‌టోటల్‌లో మళ్లీ చూస్తే మూడింట రెండు 'బండ్లర్' అనే రాశాయి. ఆ ఫైల్ తీసేసి హ్యాండ్‌బ్రేక్‌ను వాళ్ల సొంత వెబ్‌సైట్ నుంచే దింపుకున్నాను, హాష్ సరిపోయింది.

కోడుకోవెల:
నేను మొదటే చెప్పాను.

రాత్రికాపరి:
హాష్ చూడమని చెప్పింది చిరుదీపం గారు. వెన్నెలదారి గారూ, ఆ నెల రోజుల్లో బ్రౌజర్‌లో టైప్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి, ముందుగా ఈమెయిల్‌ది. మార్చేది ఈ కంప్యూటర్ నుంచి కాదు, వేరేదాని నుంచి.