మెస్కాల్ సామెతకు తెలుగు మాట కావాలి

డల్లాస్ నుంచి:
గ్రూపు పెద్దలకు నమస్కారం. మెక్సికోలోని వాహాకా రాష్ట్రంలో, మాగే అనే మొక్కతో కాచే మెస్కాల్ మందు పేరెత్తితే చాలు, ఒక మాట వినిపిస్తుంది: "పారా తోదో మాల్, మెస్కాల్, పారా తోదో బియెన్, తాంబియెన్." కష్టమొస్తే మెస్కాల్, కలిసొచ్చినా మెస్కాలే అని. ప్రాస పోకుండా తెలుగులోకి తేవాలి. "కష్టమొస్తే చుక్క, కలిసొస్తే చుక్క" దగ్గర ఆగిపోయాను. నాకే చప్పగా ఉంది.

నరసాపురం నుంచి:
"ఏడ్చినా గుక్కే, నవ్వినా గుక్కే" అనండి. గుక్కపట్టి ఏడవడమూ మనదే, గుక్కలో తాగేయడమూ మనదే.

గ్వాదలహారా నుంచి:
గుక్క బాగుంది గానీ, మెస్కాల్‌ని అలా ఒక్క గుక్కలో దించేస్తే వాహాకా వాళ్లు నొచ్చుకుంటారండీ. దాన్ని "ఆ బేసోస్" తాగాలంటారు, అంటే ముద్దు పెట్టుకున్నట్టు, పెదవి తడిసేంత.

నేనుండేది టెకీలా పుట్టిన హలీస్కో రాష్ట్రంలో. అయినా నా ఓటు మెస్కాల్‌కే. ఐసు, సోడా ఏవీ ఉండవు. హీకరా అనే ఎండుకాయ చిప్పలోనో, చర్చిలో కొవ్వొత్తి పెట్టే చిన్న గాజు గ్లాసులోనో పోసిస్తారు. ముందు ఒక చుక్క అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్ది వాసన చూడండి. స్పిరిటు ఎగిరిపోయి, ఉడికిన మొక్క వాసన మిగులుతుంది. మంచి సరుకు చాలావరకు 45 శాతం పైనే ఉంటుంది కాబట్టి మొదటిసారి మంట తప్ప ఏమీ తెలియదు. దాన్ని నోరంతా తిప్పి మింగేయండి. రెండోసారికి నాలుక సర్దుకుంటుంది. అప్పుడు తీపి, పచ్చి ఆకు వాసన, ఆఖర్న పొగ. పక్కన నారింజ ముక్కలు, మాగే మొక్కలో పెరిగే పురుగుల్ని ఎండబెట్టి ఉప్పు, మిరపకాయలతో నూరిన పొడి పెడతారు. పురుగులనగానే మొహం తిప్పుకోకండి, ఉప్పూకారమే తెలుస్తుంది.

మందు విషయంలో మన మాటలన్నీ కొట్టడం, వేయడం, బిగించడం, దించడం. రుచి చూడ్డానికి మాటలు కావాలంటే వంటింట్లో వెతుక్కోవాల్సిందే.

మదనపల్లె నుంచి:
మాగే అంటే మన కిత్తనార జాతే కదా? మా వైపు చేల గట్ల మీద కంచెగా ఉండేది. నార తీసి తాళ్లు పేనేవాళ్లు. చిత్తూరు జిల్లాలో దక్కను కిత్తనారతో స్పిరిట్ తీసే డిస్టిలరీ కూడా ఉంది, 2011లోనే మార్కెట్లోకి వచ్చింది. టెకీలా, మెస్కాల్ పేర్లు మెక్సికోవే కాబట్టి సీసా మీద అలా రాసుకోకూడదు. ఇంతకీ ఆ పొగ రుచిని ఏమందాం? పొగచూరిన పాలంటే మా ఇంట్లో పారబోసేవే.

గ్వాదలహారా నుంచి:
అవునండీ, ఆ జాతే. పొగచూరు, కమురు రెండూ వద్దు, చెడిపోయినవాటికే వాడతాం. కిత్తనార ఆకుల్లోంచి నార తీస్తారు. వీళ్లు ఆకులన్నీ నరికేసి మధ్యలోని గడ్డని తీసుకుంటారు. ఎస్పదీన్ రకం గడ్డ ముదరడానికి సుమారు 6 నుంచి 8 ఏళ్లు, అడవిలో పెరిగే తోబలాకి పదేళ్లు పైనే పడుతుంది. నేలలో గుంత తవ్వి, కట్టెలతో రాళ్లు ఎర్రగా కాల్చి, వాటి మీద గడ్డలు పేర్చి, పైన మట్టి కప్పి రోజుల తరబడి మగ్గబెడతారు. టెకీలాకైతే ఎక్కువగా ఆవిరి మీద ఉడికిస్తారు, అందుకే దానికి ఈ పొగ రాదు. కుమ్ములో కాల్చిన చిలగడదుంప తొక్క తీస్తే గుప్పుమనే వాసన గుర్తుందా? దాదాపు అదే. నన్నడిగితే "కుమ్ము వాసన" అంటాను.

విశాఖ నుంచి:
సామెతని గాలికొదిలేశారు! స్పానిష్‌లో మాల్ అంటే కీడే కాదు, జబ్బు కూడా. మనకు మందులో రెండర్థాలూ ఉండనే ఉన్నాయి. "రోగానికీ మందే, భోగానికీ మందే."

డల్లాస్ నుంచి:
అబ్బ, కుదిరింది! మెస్కాల్ పేరు పోయినా ఫర్వాలేదు.

నెల్లూరు నుంచి:
కుదిరిన మాట నిజం. కానీ మా జిల్లాలో దీన్ని గోడ మీద రాస్తే ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకొస్తారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు ముందు నిలబడిన సారా వ్యతిరేక ఉద్యమం వల్లే మరుసటి ఏడు రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. "కష్టానికి మందు" అన్న సాకు ఆ ఇళ్లలో వినీ వినీ ఉన్నారు. మెక్సికో వాడు నవ్వుతూ అన్నది మనకు అంత తేలిగ్గా నవ్వు తెప్పించదు.

గ్వాదలహారా నుంచి:
కాదనను. ఇక్కడ పెళ్లిలోనూ పోస్తారు, చావులోనూ పోస్తారు, పోయినవాళ్ల కోసం పెట్టే పీఠం మీదా ఒక గ్లాసు పెడతారు. సామెతలో సుఖం, దుఃఖం రెండూ ఉన్నది అందుకే అనుకుంటాను. అయితే దీనికి మూడో పాదం కూడా తగిలిస్తారు: "ఇ సి నో ఆయ్ రెమేదియో, లీత్రో ఇ మేదియో." అప్పటికీ నయం కాకపోతే లీటరున్నర పట్టించమని. డల్లాస్ వారూ, ఆ పాదం జోలికి మాత్రం పోకండి.