అన్నీ బౌబౌలేనా! మావాడికి తేడా ఎప్పుడు తెలుస్తుంది?

చిన్నోడి అమ్మ:
మావాడికి 20వ నెల. కుక్కని బౌబౌ అంటాడు, సరే. ఆవు, మేక, పుస్తకంలో గుర్రం కూడా బౌబౌలే. "కాదు నాన్నా, అది ఆవు" అంటే ఇంకాస్త గట్టిగా "బౌబౌ!" అని అరుస్తాడు. పక్కింటి పిల్ల గడగడా మాట్లాడేస్తోందని అత్తయ్య ఒకటే పోలికలు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇది మామూలేనా?

మాటలమేడం:
మామూలేనండి. పిల్లల స్పీచ్ థెరపీ నా పని, రోజూ చూసేదే. కుక్క, ఆవు, గుర్రం బొమ్మలు పక్కపక్కన పెట్టి "ఆవు ఏది?" అని అడగండి. ఆవు మీదే వేలు పెట్టాడా, వాడికి తేడా తెలిసినట్టే. ఆ మాట ఇంకా నోటికి రాలేదు, ఉన్నదాంతో పని కానిచ్చేస్తున్నాడు. ఈ వయసులో పలికే మాటలకన్నా అర్థమయ్యేవి చాలా ఎక్కువ.
"కాదు" అనడం మానేసి, "అవును, దీనికీ నాలుగు కాళ్ళున్నాయి. కొమ్ములు చూశావా? ఇది ఆవు" అనండి. వాడు దేన్ని చూస్తుంటే దాని పేరే చెప్పండి. బంతిలో మునిగిపోయినవాడి గడ్డం పట్టి ఆవువైపు తిప్పడం దండగ. అత్తయ్యగారి పోలికలకి మాత్రం నా దగ్గర మందు లేదు.

బుడుగుల నాన్న:
ఒక్కసారి చెప్తే ఎక్కుతుందా మేడం?

మాటలమేడం:
కొంత ఎక్కుతుంది. సూసన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ అనే పరిశోధకులు 1978లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. చిన్నపిల్లల ముందు నీలం ట్రే, ఆలివ్ రంగు (మసక ఆకుపచ్చ) ట్రే పెట్టి "క్రోమియం ట్రే తే, నీలంది కాదు" అన్నారు. క్రోమియం అన్న మాట వాళ్ళెప్పుడూ వినలేదు. అయినా సరిగ్గా ఆలివ్ రంగు ట్రేనే తెచ్చారు. తర్వాత అడిగితే కొందరికి అదేదో రంగు పేరని లీలగా గుర్తుంది. పూర్తి అర్థం కుదురుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. అందుకే మూడేళ్ళ పిల్లకి పోయిన నెల జరిగింది కూడా "నిన్న"నే.

చిన్నోడి అమ్మ:
ఇప్పుడే అడిగాను. ఆవు మీదే పెట్టాడు వేలు! వాళ్ళ నాన్నది వేరే భాష, ఇద్దరం చెరో భాషలో మాట్లాడతాం. దానివల్ల ఆలస్యమా?

మాటలమేడం:
కాదండి. రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి. రెండేళ్ళు నిండేసరికి మొత్తం 50 మాటలు కూడా లేకపోయినా, "అమ్మా రా" లాగా రెండు మాటలు కలపకపోయినా, ముందు వినికిడి పరీక్ష చేయించండి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం రెండేళ్ళ దాకా ఆగొద్దు.