‘మన్నింపందగున్ దీనునిన్’: ఇక్కడ మన్నించడమంటే క్షమించడమేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాన్నగారికి గుండె ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ అమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని పోతన గారి ఈ పద్యం ఒక్కటే మళ్లీ మళ్లీ చదువుకుంది.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె ప్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె తనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర కావవే వరద సంరక్షింపు భద్రాత్మకా

మూడో పాదం చివరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయేది. ఎందుకమ్మా అంటే, “మన్నించమని అడుగుతున్నాను కదరా, ఏం తప్పు చేశానో తెలియకుండానే” అంది. నాన్నగారు కోలుకుని ఇంటికొచ్చారు. అమ్మ అన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు. ఇక్కడ ‘మన్నించు’ అంటే క్షమించడమేనా? పెద్దలు చెప్పగలరు.

జవాబు:
ముందు అమ్మగారికి ఒక్క మాట చెప్పండి. ఆ పద్యంలో క్షమాపణ లేదు.

మన్నించడమంటే గౌరవించడం, ఆదరించడం. క్షమించడమన్న అర్థం కూడా ఉంది, ఇప్పుడు మన నోళ్లలో ఎక్కువగా ఆడుతున్నది అదే. కానీ పాత అర్థం పోలేదు. ‘నా మాట మన్నించి వచ్చారు’ అంటాం. ‘ప్రజల మన్ననలు పొందారు’ అని పేపర్లో రాస్తారు. ఆ రెండు చోట్లా తప్పు ఊసే లేదు కదా!

ఇప్పుడు పద్యం వరస చూడండి. గజేంద్రుడు చెప్పినవన్నీ తన ఒంటి సంగతులే. బలం లేదు (లావంటే ఇక్కడ బలం), ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వస్తోంది, ఒళ్లు అలిసిపోయింది. ఆ తర్వాత, నువ్వు తప్ప ఇంకొకటి ఎరగను అన్నాడు. తప్పు చేశానని ఎక్కడా అనలేదు. కాస్త ముందు పద్యంలో ‘కలడు కలండనెడు వాడు కలడో లేడో’ అని దేవుడి ఉనికినే సందేహించినవాడు, ఆ సందేహానికి కూడా క్షమాపణ చెప్పుకోలేదు. దీనుణ్ణి ఆదరించడం నీకు తగిన పని అంటున్నాడు, అంతే. ఆ ‘తగున్’ని గట్టిగా పలకమనండి.

ఇంకో సంగతి. చాలామంది ‘నితఃపరం’ ఒక మాట అనుకుని విడదీసి చదువుతారు. అసలు మాట ‘ఇతఃపరంబు’. ముందున్న ‘తప్పన్’లోని నకారం వచ్చి దాన్ని అంటుకుంది. ‘ఎరుగ’ అంటే ఎరుగను.

మరొకరు:
అయ్యా, చిన్న సందేహం. గజేంద్రుడికి తప్పు లేదని ఎలా అంటాం? పూర్వజన్మలో ఇంద్రద్యుమ్న మహారాజు. అగస్త్యుడు వస్తే లేచి పూజించలేదు, ఆయన శపిస్తే ఏనుగై పుట్టాడు. మన్నింపు అడగడం దానికేనేమో!

జవాబు:
మంచి ప్రశ్నండీ. ఆ శాపం కథను శుకుడు పరీక్షిత్తుకు చెప్పేది ఏనుగును విడిపించాక. మడుగులో మొర పెట్టుకునేటప్పుడు గజేంద్రుడి నోట ఆ ఊసు రాలేదు. విష్ణువు వచ్చేటప్పుడూ ఆ లెక్క అడగలేదు. సిరికైనా చెప్పకుండా, శంఖచక్రాలైనా పట్టకుండా బయల్దేరాడు. ఆ మాటకొస్తే అగస్త్యుడికి మన్నన చేయకపోవడమే ఆ రాజు చేసిన తప్పు. అక్కడ కూడా మన్ననంటే గౌరవమే.

ప్రశ్న అడిగినవారు:
ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చెప్పించుకుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంకో ప్రశ్న వేసింది. ‘దీనునిన్’ అంటే మగవాడు కదా, తను చదువుకునేటప్పుడు ‘దీనురాలిన్’ అనుకోవచ్చా, ఛందస్సు ఒప్పుతుందా అని.

జవాబు:
ఒప్పదండీ. ఇది శార్దూలం, పాదానికి 19 అక్షరాలే. ‘దీనురాలిన్’ అంటే ఒకటి ఎక్కువవుతుంది. పోతన గారి పద్యాన్ని మార్చమనను గానీ, అమ్మగారు తన మటుకు తాను చదువుకునేటప్పుడు ‘దీనులన్’ అనుకుంటే గణం చెడదు, యతి చెడదు. అందులో ఆవిడా ఉంటారు, నాన్నగారూ ఉంటారు.