వార్డు సంగతులకి నవ్వుకోవడం తప్పా?

నైట్‌డ్యూటీ సిస్టర్: మానసిక ఆసుపత్రిలో ఆరేళ్లుగా స్టాఫ్ నర్సుని. మొన్న ఒక పెద్దాయన నన్ను కలెక్టరమ్మ అనుకుని పింఛను అర్జీ ఇచ్చాడు, కాదంటే ఏడుస్తాడని సంతకం పెట్టి తీసుకున్నా, తర్వాత టీ దగ్గర ఇది చెప్పుకుని అందరం పడీపడీ నవ్వాం. ఇంటికొచ్చాక ఒకటే గిల్టీ. నవ్వకపోతే ఈ ఉద్యోగం చెయ్యలేం కదా?

సైకాలజీ స్టూడెంట్: ఎవరి మీద నవ్వారన్నది చూడాలక్కా. సైకాలజిస్టు రాడ్ మార్టిన్ బృందం 2003లో హాస్యాన్ని నాలుగు రకాలుగా విడదీసింది: నలుగురినీ కలిపేది, కష్టంలో మనల్ని నిలబెట్టేది, ఎదుటివాళ్లని పొడిచేది, మనల్ని మనమే కించపరుచుకునేది. మీరు కలెక్టరమ్మగిరీ మీద నవ్వుకున్నారు, ఆయన మీద కాదు.

పాత కాంపౌండర్: అంత తేలిక కాదు తమ్ముడూ. మా వార్డులో ఒక సీనియర్ ఉద్యోగి పేషెంట్లకి మారుపేర్లు పెట్టేవాడు, మేమూ నవ్వేవాళ్లం, ఏడాది తిరిగేసరికి అసలు పేర్లే గుర్తులేవు! ఒకరోజు ఒక పేషెంటుకి పెట్టిన పేరు వాళ్ల అమ్మ వింది, ఆమె మొహం ఇప్పటికీ మర్చిపోలేను. బర్నౌట్‌కి, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడానికి, సైకాలజిస్టు మాస్లాక్ చెప్పిన మూడు లక్షణాల్లో మనిషిని మనిషిగా చూడలేకపోవడం ఒకటి, అది జోకుల్లోనే ముందు బయటపడుతుందని నా అనుభవం.

ముగ్గురి పని ఒక్కదాన్నే: జోకులు సరే, లీవు ఎవరిస్తారు? వరసగా నాలుగు నైట్లు చేసినదానికి నవ్వూ రాదు, ఏడుపూ రాదు. మరీ భారంగా ఉంటే 14416 టెలిమానస్‌కి, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, మనమూ ఫోన్ చెయ్యొచ్చు సిస్టర్, తెలుగులోనే మాట్లాడతారు.

నైట్‌డ్యూటీ సిస్టర్: థాంక్స్ అన్నా, అందరికీ. పెద్దాయన ఇవాళ మళ్లీ అడిగాడు, పింఛను ఎప్పుడొస్తుందని. సోషల్ వర్కర్‌తో నిజంగానే అర్జీ పెట్టిస్తున్నా.